చుట్టాలు కాదు... ఆడపడుచులు!

రోహిణి కార్తె. ఉదయం పది దాటితే పెద్దవాళ్లు పిల్లల్ని గడప దాటనివ్వరు. ఇలాంటప్పుడు పక్షుల్ని చూడ్డానికి బయల్దేరతామంటే ఎవరైనా నవ్వుతారు. ఆ సరదా సంక్రాంతి సెలవుల్లో తీర్చుకోవాలిగానీ ఈ ఎండల్లోనా అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కనిపించేది ఆ రోజుల్లోనే మరి!

కానీ చలికాలంలో తెలియని సంగతి ఒకటి ఎండాకాలంలోనే తెలుస్తుంది. ఏ పక్షి మనది, ఏ పక్షి పైదేశానిది అన్నది. డిసెంబరులో అన్నీ కలిసిపోయి ఉంటాయి. మే నెలాఖరుకల్లా దూరదేశాల పక్షులు దాదాపుగా వెళ్లిపోతాయి. అప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తీరం వెంట ఒక్కరోజు తిరిగితే చాలు... ఇన్నాళ్లూ 'సైబీరియా చుట్టాలు' అని మురిసిపోయిన పక్షుల అసలు ఊరేదో అర్థమవుతుంది.

ఇసుక మీద ఇల్లు

విజయనగరం జిల్లాకు ఉన్న సముద్ర తీరం చిన్నదే. 28 కిలోమీటర్లు. చంపావతి నది కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పక్కనే చింతపల్లి తీరం. పక్షుల రోజు ఇక్కడ తెల్లవారుజామున అయిదింటికే మొదలవుతుంది. పడవలు ఒడ్డుకు చేరి వలలు దులిపే వేళకు గరుడ పక్షులు పైన చక్కర్లు కొడుతుంటాయి. తెల్లని తల, ఇటుక రంగు ఒళ్లు. నీళ్ల మీద వాలకుండానే, వంగి కాళ్లతో చేపను అందుకుని ఎగిరిపోవడం వాటికే చెల్లింది. కాకులు మాత్రం ఒడ్డు మీదే కూర్చుని వాటా కోసం తగువు పడుతుంటాయి.

కాస్త నిదానంగా చూస్తే, అలలు అందని పొడి ఇసుకలో బొమ్మల్లా కదలకుండా నిలబడ్డ చిన్న చిన్న ఉల్లంకి పిట్టలూ కనిపిస్తాయి. కదిలితేగానీ అక్కడ పిట్ట ఉందని తెలియదు. తీతువు, ఉల్లంకి, టెర్న్ వంటి పక్షులకు చెట్టూ పుట్టా అక్కర్లేదు. నేల మీద చిన్న గుంట చేసి గుడ్లు పెట్టేస్తాయి. గుడ్లకు ఇసుక రంగు, వాటి మీద మచ్చలు. పక్కనే నిలబడ్డా గులకరాళ్లే అనుకుంటాం.

అసలు కష్టం ఎండతో. మిగతా పక్షులు గుడ్లకు వెచ్చదనం ఇవ్వడానికి పొదుగుతాయి. ఇవేమో చల్లదనం కోసం పొదుగుతాయి! మే నెల ఎండలో ఇసుక మీద గుడ్డును కాసేపు వదిలేస్తే లోపల పిల్ల దక్కదు. అందుకే తల్లీతండ్రీ వంతులేసుకుని నీడ పడతాయి. మధ్యమధ్య నీళ్ల దగ్గరికి పరుగెత్తి, పొట్ట కింది ఈకలు బాగా తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. తడిగుడ్డ కప్పినట్టన్నమాట. తీతువు రాత్రిపూట అరిస్తే అపశకునమని తిట్టుకుంటాం. అది గుడ్ల దగ్గరికి నక్కో కుక్కో వచ్చిందని పెడుతున్న కేకలు కావచ్చు.

సముద్రం చూడ్డానికి వెళ్లేవాళ్లు ఇక్కడ ఓ చిన్న సాయం చేయొచ్చు. పొడి ఇసుకలో కాకుండా, అల తడిపిన ఇసుక మీద నడిస్తే చాలు. గుడ్లు ఉండేది అలలు అందని చోటే. బైకులు, జీపులు ఇసుకలోకి దించకపోవడం ఇంకా మంచిది.

ఇరవై గ్రాముల బాటసారి

జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాటి, టెక్కలి వైపు వెళితే నౌపడ వస్తుంది. రైలు కిటికీలోంచి తెల్లటి ఉప్పు కుప్పలు చూసినవాళ్లకు ఈ ఊరు గుర్తే. ఉప్పు పండేది ఎండాకాలంలోనే. మడుల్లోకి పెట్టిన ఉప్పునీరు ఎండకు ఇగురుతూ, చివరికి ఉప్పై తేలుతుంది. మడులు, వాటి చుట్టూ బురద నేలలు, భావనపాడు వైపు సముద్రంలోకి వెళ్లే పాయ... ఇదంతా కలిసి ఒక పెద్ద చిత్తడి నేల. ఈ ప్రాంతంలో ఇలాంటి నేలలను తంపర అంటారు. పక్షి ప్రేమికుల లెక్కలో నౌపడ తంపర, పక్కనున్న తేలినీలాపురం రెండూ కలిపి ముఖ్యమైన పక్షి ఆవాసం.

చలికాలంలో ఈ బురదలో ముక్కులతో కుట్టుమిషన్లలా పొడుచుకుంటూ తిరిగే బుల్లి పిట్టల్ని ఎవరూ పట్టించుకోరు. పిచ్చుకంత ఉంటాయి. ఇంగ్లిషులో లిటిల్ స్టింట్ అంటారు. బరువు ఇరవై ముప్ఫై గ్రాములు. అంటే అగ్గిపెట్టెలు మూడు నాలుగు కలిపి తూచినంత కూడా ఉండదేమో. అదిగో, సైబీరియా చుట్టం అంటే అది! ఉత్తర ధ్రువానికి దగ్గరగా, మంచు కరిగిన మైదానాల్లో గుడ్లు పెట్టి, చలి ముదరకముందే వేల కిలోమీటర్లు ఎగిరి మన తీరాలకు వస్తుంది. కర్లూ శాండ్‌పైపర్, పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ అనే పక్షులదీ అదే దారి. ఏప్రిల్ వచ్చేసరికి వీటికి పెళ్లికళ వస్తుంది. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న శాండ్‌పైపర్ ఎర్రమట్టి రంగులోకి మారుతుంది. గోల్డెన్ ప్లోవర్‌కు వీపు మీద బంగారు చుక్కలు, పొట్ట కింద నలుపు తేలతాయి. ఆ ముస్తాబుతో ఉత్తరానికి బయల్దేరతాయి.

మే చివరికి ఈ గుంపులు ఖాళీ. ఇంకా జత కట్టే వయసు రానివి కొన్ని మాత్రం వేసవంతా ఇక్కడే ఉండిపోతాయి. ఎర్రటి పొడుగు కాళ్ల మీద నడిచే నలుపు తెలుపు స్టిల్ట్ పక్షులు, తెల్ల కొంగలు, మాసిన రంగు పోయి వీపు మీద ఎర్రటి ఈకలు తొడిగిన గుడ్డి కొంగలు... వేసవిలో బురద నేలల్లో కనిపించేవి ఇవే. ఇవి ఈ నేలవే.

గూళ్లు ఖాళీ... ఊరు కాదు

నౌపడకు దగ్గర్లోనే టెక్కలి మండలంలో తేలినీలాపురం. అక్టోబరు ప్రాంతంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఈ ఊరికి చేరతాయి. ఊళ్లో చెట్ల మీదే గూళ్లు. ఇళ్ల మధ్యే కాపురం. వేట తంపరలోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ. గూడబాతు అంటే మాటలు కాదు. నాలుగైదు కిలోల బరువు, ముక్కు కింద సంచి. అలాంటి పక్షి చింతచెట్టు చిటారు కొమ్మ మీద వాలి, అక్కడే పిల్లల్ని సాకుతుందంటే చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టాల్సిందే.

ఏప్రిల్ కల్లా పిల్లలకు రెక్కలొస్తాయి. మే నెలలో వెళ్లేవారికి కనిపించేది ఖాళీ గూళ్లు, సున్నం కొట్టినట్టు తెల్లబడ్డ కొమ్మలు. ఆ తెలుపు పక్షుల రెట్టే. ఆరు నెలలు ఆ వాసన భరించడం, పెరట్లో బట్టలారేసుకోలేకపోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఇలాంటి ఊళ్లు అది భరిస్తాయి కాబట్టే పక్షులు నిలిచాయి. ఆ రెట్టలో నత్రజని, భాస్వరం పుష్కలం. పొలానికి చేరితే ఎరువే.

ఇంతకీ ఈ పక్షులు ఎక్కడికి వెళ్లినట్టు? సైబీరియాకు అని పిల్లల పుస్తకాల్నుంచి పెద్దల ఉపన్యాసాల దాకా చెప్పేస్తుంటారు. కాదు. ఈ గూడబాతు జాతి భారతదేశం, శ్రీలంక, కంబోడియా వంటి దేశాలు దాటి బతకదు. మంచు అంటే ఏమిటో దానికి తెలియదు. పిల్లలు పెద్దవయ్యాక నీళ్లున్న చెరువులూ జలాశయాలూ వెతుక్కుంటూ చెదిరిపోతుంది, అంతే. ఎర్రకాళ్ల కొంగా అలాంటిదే.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఓ చిన్న కొండగుర్తు ఉంది. పక్షికి గూడు ఎక్కడుంటే అదే సొంతూరు. దూరదేశం నుంచి చలికి తట్టుకోలేక వచ్చిన పక్షి ఇక్కడ తిని, తిరిగి వెళ్లిపోతుంది. గూడు కట్టదు, గుడ్డు పెట్టదు. ఆ పని సొంత గడ్డ మీదే చేస్తుంది. మన చింతచెట్టు మీద గూడు కట్టి పిల్లల్ని చేసే పక్షి పొరుగు దేశపు చుట్టం ఎలా అవుతుంది? అది పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు!

మాట తేడానే కదా, ఏమైతేనేం అనిపించొచ్చు. కానీ చుట్టం వస్తే వస్తాడు, రాకపోతే లేదు. వాడికి వాడి ఇల్లు ఉంటుంది. పుట్టిల్లే లేకుండా పోతే ఆడపడుచు ఎక్కడికి వెళుతుంది?

బీల కోసం పోరాటం

తేలినీలాపురం నుంచి ఇచ్ఛాపురం వైపు సాగితే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం. ఎండ దిగాక ఈ దారిలో తాటిచెట్ల చుట్టూ చిన్న చిన్న పిట్టలు కొడవళ్లలా గాలిని కోస్తూ తిరుగుతాయి. తాటాకు అడుగునే, ఈకలూ దూదీ ఉమ్మితో అంటించి గూడు కట్టుకునే పామ్ స్విఫ్ట్‌లవి. తొలకరి పడితే అవే చెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడతాయి. జాషువా పద్యాలల్లింది ఆ గిజిగాడి మీదే.

ఈ దారిలోనే సోంపేట. అక్కడి చిత్తడి నేలలను బీల అంటారు. వానాకాలం నీరు నిలిచి, చేపకూ వరికీ పశువుల మేతకూ ఆధారమయ్యే నేల. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దంటూ రైతులు, మత్స్యకారులు ఆందోళన చేశారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసిందీ అదే రోజున. నౌపడకు చేరువలోని కాకరాపల్లి తంపరలో మరో థర్మల్ కేంద్రంపై సాగిన ఆందోళనలోనూ 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి. అక్కడా మనుషులు చనిపోయారు. వాళ్లు ఉద్యమించింది పక్షుల కోసం కాదు, తమ బతుకు కోసం. కానీ మనిషి బతుకూ కొంగ బతుకూ ఆ నీళ్లలోనే కలిసి ఉన్నాయి.

ఇప్పుడు ఆ చుట్టుపక్కలే మూలపేట పోర్టు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే ఊళ్లో కుర్రాళ్లకు పని దొరుకుతుందన్న ఆశ తప్పు కాదు. రోడ్లు, గోదాములు వేసేటప్పుడు తంపరలోకి పోటునీరు వచ్చే పాయలు మూసుకుపోకుండా చూసుకుంటే పక్షికీ చోటుంటుంది, చేపకీ చోటుంటుంది.

వానను మోసుకొచ్చే కొంగ

పొద్దువాలే వేళకు తేలుకుంచి చేరుకోవచ్చు. ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు. తేలినీలాపురం ఖాళీ అయితే ఇక్కడ ఎదురుచూపు మొదలవుతుంది. జూన్ తొలివారాల్లో నత్తగుల్ల కొంగలు దిగుతాయి. ఓపెన్‌బిల్ స్టార్క్ అంటే ఇదే. ఈ కొంగలొస్తే వానలొస్తాయని, పంట పండుతుందని ఊరి నమ్మకం. అందుకే వీటికి హాని జరగనివ్వరు. చెట్ల మీద జాగా కోసం ముక్కులు టకటకలాడిస్తూ అవి చేసే గోల ఆ ఊరికి తొలకరి మేళం.

నమ్మకం వెనక లెక్క ఉంది. ఎండాకాలం నత్త మట్టిలో దూరి, గుల్లకు మూత బిగించుకుని నిద్రపోతుంది. తొలి వానలకు లేచి చెరువుల్లోకి, వరిమడుల్లోకి వస్తుంది. కొంగ పిల్లల్ని సాకాలంటే ఆ నత్తలే కావాలి. కాబట్టి వాన వేళకు చేరేలా కొంగ ప్రయాణం కట్టుకుంటుంది. కొంగ వానను తీసుకురాదు, వానను నమ్ముకుని వస్తుంది. రైతులాగే!

దీని ముక్కు ఓ వింత. మూసినా మధ్యలో సందు ఉంటుంది. అడకత్తెరలా గుల్లను పగలగొట్టడానికే ఆ సందు అని ఒకప్పుడు అనుకునేవారు. నిజానికి గుల్ల పగలదు. పై ముక్కుతో నత్తను నేలకు అదిమిపట్టి, సన్నటి కింది ముక్కు కొనను మూత కిందికి దూర్చి, కండను కోసి లాగేస్తుంది. జారిపోయే గుల్లను పట్టుకోవడానికి ఆ సందు పనికొస్తుంది. తమాషా ఏమిటంటే, పిల్లలకు ఈ సందు ఉండదు. పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

రెండు నుంచి నాలుగు గుడ్లు. పాతిక రోజులు పొదుగుతాయి. మరో అయిదు వారాలకు పిల్ల ఎగురుతుంది. వచ్చేటప్పుడు తెల్లగా మెరిసే పెద్ద పక్షులు, గూళ్ల కాలం ముగిశాక బూడిద రంగుకు దిగుతాయి. పిల్లలతో సహా చలికాలం మొదట్లో వెళ్లిపోతాయి. ఇవీ సైబీరియాకు వెళ్లవు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి ఉంగరం తొడిగిన కొంగ ఒకటి 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది. థాయ్‌లాండ్‌లో తొడిగినది 1500 కిలోమీటర్లు పడమరకు ప్రయాణించి బంగ్లాదేశ్‌లో కనిపించింది. నీళ్లున్న చోటికి, నత్తలున్న చోటికి... వాటి లోకం అంతే. థాయ్‌లాండ్ వరిమడుల్లో విదేశీ నత్తలు పెరిగిపోయి నారును కొరికేస్తుంటే, వాటిని తిని రైతుకు సాయపడిందీ ఈ కొంగే.

ఆరేడు చెప్పే పాఠం

ఏటా వస్తున్నాయి కదా, ఎప్పటికీ వస్తాయిలే అనుకోవడానికి లేదు. 1946లో కె.కె.నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద కాలనీని చూశారు. ఊరి చెట్ల మీద, ఇళ్ల మధ్య... అచ్చం తేలినీలాపురంలాగే. 1970లు గడిచేసరికి అక్కడ ఆ సందడి లేదు. చుట్టూ నీరూ చేపా చెట్టూ కరువైతే పక్షి చెప్పా పెట్టకుండా ఊరు ఖాళీ చేస్తుంది. తర్వాత కొల్లేటి పక్కన ఆటపాకలో, చెట్లు చాలక, అటవీశాఖ ఇనుప స్టాండ్లు పాతితే గూడబాతులు వాటి మీద గూళ్లు కట్టుకున్నాయి.

ఉత్తరాంధ్రకూ హెచ్చరికలు అందాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటలతో పాటు పక్షులు వాలే చెట్లనూ కూల్చేసింది. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన పరాన్నజీవి పురుగులే కారణమని భావించారు. తుపానును ఆపడం ఎవరి తరమూ కాదు. కూలిన చింతచెట్టు స్థానంలో ఇంకో చింత నాటడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. చింతచెట్టు గూడబాతును మోసే బలం పుంజుకోవడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి నాటాల్సింది ఈ వానాకాలమే. చెరువు గట్టు కబ్జా కాకుండా చూడటం, నత్తను చంపే మందులు పొలంలో మితిమీరి వాడకపోవడం... ఇవీ ఊరి చేతిలోని పనులే.

సైబీరియా పిట్టను కాపాడాలంటే సగం భారం సైబీరియాది. గూడబాతుకు, నత్తగుల్ల కొంగకు అలా పంచుకునేవాళ్లు తక్కువ. అవి పుట్టేదీ పెరిగేదీ తిరిగేదీ మన చెరువుల మీదే. వాటి పుట్టింటి గడప మనదే.

వెళ్లాలనుకుంటే...

నౌపడ, ఇచ్ఛాపురం రెండూ హౌరా-చెన్నై రైలు మార్గంలోనే ఉన్నాయి. తేలినీలాపురానికి టెక్కలి మీదుగా వెళ్లాలి. నత్తగుల్ల కొంగల కోసం జూలై నుంచి అక్టోబరు, గూడబాతుల కోసం నవంబరు నుంచి మార్చి మంచి కాలం. ఎండాకాలమైతే ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత తిరగండి. టోపీ, మంచినీళ్లు, ఉంటే ఓ బైనాక్యులర్ చాలు. గూళ్ల కింద గట్టిగా అరవడం, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపడం, ఫొటో కోసం గుడ్ల దగ్గరికి వెళ్లడం వద్దు. తల్లి లేచిన ఆ కాస్త సేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. పిల్లల్ని తీసుకెళితే ఒక్క ప్రశ్న అడిగి చూడండి: 'ఈ పక్షి గూడు ఎక్కడుంది?' జవాబు చెట్టు మీదే కనిపిస్తుంది.